మూతి నుంచి మందు దట్టించే రైఫిల్‌తో తొలి రోజు: దట్టించడం, కాల్చడం, కడగడం

మూతి వైపు నుంచి మందు పోసి, దాని మీద గుండును దట్టించి కాల్చే రైఫిల్‌ను అమెరికాలో మజిల్‌లోడర్ అంటారు. ఆధునిక తుపాకికి తూటా దుకాణం నుంచి సిద్ధంగా వస్తుంది. ఇక్కడ మాత్రం ప్రతి దెబ్బకూ మందు, గుడ్డ ముక్క, గుండు, క్యాప్ అనే నాలుగింటినీ మీ చేతులతో మీరే కూర్చుకోవాలి. కాబట్టి ఈ విద్యలో గురి కంటే ముందు నేర్చుకోవలసినది వరస. ఏ పని తరువాత ఏ పని చేయాలన్నది చేతులకు అలవాటు కావాలి. పక్కన ఎవరు పలకరించినా ఆ వరస తప్పకూడదు. ఈ వ్యాసం అమెరికాలో స్థిరపడి, షూటింగ్ రేంజికి వెళ్ళి ఈ అభిరుచిని చట్టబద్ధంగా మొదలుపెట్టాలనుకునే తెలుగువారి కోసం. ఉదాహరణకు నేను తీసుకున్నది 0.50 అంగుళాల గొట్టం ఉండి, పక్కన హ్యామర్ ఉండి, పెర్కషన్ క్యాప్‌తో, అంటే హ్యామర్ దెబ్బకు పేలి మందుకు నిప్పు అందించే చిన్న లోహపు టోపీతో పేలే సాదా రైఫిల్. కొత్తగా చేరేవారికి ఇంతకంటే నమ్మకమైన గురువు లేదు.

మొదట ఒక మాట విషయంలో జాగ్రత్త. ఇంగ్లీషులో బ్లాక్ పౌడర్ అనే దానిని మాటకు మాటగా తెలుగు చేసి నల్లమందు అనకూడదు, మన భాషలో నల్లమందు అంటే గసగసాల మొక్క నుంచి తీసే మత్తు పదార్థం. దీనికి మనవారు ఎప్పటి నుంచో వాడుతున్న పేరు తుపాకి మందు. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసినది ఇది. దీనిని ఇంట్లో తయారు చేసే ఆలోచన మాత్రం మనసులోకి రానివ్వకండి. చట్టం ఒప్పుకోదు, చేతులూ కళ్ళూ మిగలవు, పైగా కర్మాగారంలో తయారైన మందుకు ఉండే నిలకడ అందులో ఉండదు. డబ్బా మీద పేరు, రకం ముద్రించి, సీలు వేసి అమ్మే మందునే కొనాలి.

కొనడానికి ముందు చట్టం

1898లో గాని అంతకు ముందు గాని తయారైన తుపాకులను, వాటి నమూనాలలో కొన్నింటిని, అలాగే తుపాకి మందుతో గాని దాని ప్రత్యామ్నాయంతో గాని కాల్చడానికి చేసి, సిద్ధమైన తూటాను వాడలేని మజిల్‌లోడర్లను అమెరికా సమాఖ్య చట్టం పురాతన ఆయుధాలుగా పరిగణిస్తుంది. ఆధునిక తుపాకులకు వర్తించే అనేక నిబంధనలు వాటికి వర్తించవు. అయితే గొట్టం మార్చితే మామూలు తూటా కాల్చగలిగే ఇన్‌లైన్ (క్యాప్ గొట్టం వెనుకే నేరుగా ఉండే) నమూనాలకు ఈ వెసులుబాటు లేదు. అంతేకాక రాష్ట్రాల చట్టాలు వేరు. న్యూజెర్సీ వంటి చోట్ల మజిల్‌లోడర్‌ను కూడా తుపాకిగానే చూస్తారు.

హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు ఈ పేరాను రెండుసార్లు చదవాలి. అటువంటి వీసా మీద ఉన్నవారు తుపాకిని గాని తూటాలను గాని దగ్గర ఉంచుకోవడాన్ని సమాఖ్య చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఒక మినహాయింపు ఉంది. పురాతన ఆయుధం అనే నిర్వచనం మీకు వర్తిస్తుందా, మీ రాష్ట్రం ఏమంటుంది అనే ప్రశ్నలకు దుకాణంలో కౌంటరు వెనుక ఉన్నవారి మాట సరిపోదు. ఆయుధాలకు సంబంధించిన నేరం దేశం నుంచి పంపివేయడానికి కారణం కాగలదు గనుక, ముందుగా ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో మాట్లాడి, ఆ తరువాతే డబ్బు ఖర్చు పెట్టండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి, పౌరులకు ఈ వీసా నిషేధం వర్తించదు.

భారతదేశంలో ఉన్న పాఠకులకు కూడా స్పష్టంగా చెప్పాలి. అక్కడ మూతి నుంచి దట్టించే తుపాకికి కూడా 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండి తీరాలి. లైసెన్సు లేని నాటు తుపాకి ఈ వ్యాసానికి సంబంధించిన వస్తువు కాదు. దాని గొట్టం ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో ఎవరూ పరీక్షించి ఉండరు. మరొక విషయం, మందును గాని క్యాప్‌లను గాని విమానంలో ఏ సామానులోనూ పెట్టకూడదు. చేతి సంచీలోనే కాదు, చెక్ఇన్ పెట్టెలో కూడా నిషేధమే.

మందును ఎంచుకోవడం

తుపాకి మందును రేణువుల పరిమాణాన్ని బట్టి అమ్ముతారు. డబ్బా మీద ఎఫ్ అనే అక్షరం ఎన్నిసార్లు ఉంటే రేణువు అంత సన్నం, అంత త్వరగా కాలుతుంది. ఒక ఎఫ్ మందు ముతకది, పెద్ద గొట్టాలకు పనికివస్తుంది. రెండు ఎఫ్‌ల మందు 0.50 అంగుళాలూ అంతకు పైన ఉన్న రైఫిళ్ళకు, మూడు ఎఫ్‌ల మందు 0.45, అంతకంటే చిన్న గొట్టాలకూ పిస్టళ్ళకూ వాడటం రివాజు. నాలుగు ఎఫ్‌ల మందును గొట్టంలో పోయకూడదు. అది చెకుముకి తుపాకి, అంటే క్యాప్ బదులు చెకుముకి రాయి రవ్వతో పేలే తుపాకి, పళ్ళెంలో రంజకంగా (మొదట నిప్పు అంటుకునే మందుగా) వేయడానికే. మన ఉదాహరణకు రెండు ఎఫ్‌ల మందు ఒక పౌండు డబ్బా తీసుకుంటే చాలు. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు కాబట్టి, దెబ్బకు 50 గ్రెయిన్ల చొప్పున 140 దెబ్బలు వస్తాయి. క్రీడ కోసం, పురాతన ఆయుధాల కోసం అయితే 50 పౌండ్ల వరకు అనుమతి పత్రం లేకుండా కొనవచ్చునని సమాఖ్య చట్టం చెబుతుంది గాని, ఇంట్లో పిల్లలున్న మనవంటివారికి ఒక పౌండు మించి నిల్వ ఎందుకు? మందును అది వచ్చిన డబ్బాలోనే, మూత బిగించి, వంటింటికీ హీటరుకీ దూరంగా, తాళం వేసిన చోట ఉంచాలి. క్యాప్‌లను అదే పెట్టెలో కాక మరొక చోట పెట్టాలి.

పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ వంటి ప్రత్యామ్నాయ మందులు కూడా దొరుకుతాయి. ఇవి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి కనుక చెకుముకి తుపాకికి నప్పవు. క్యాప్ రైఫిల్‌కు నప్పుతాయి. వీటిని తూకంతో కాక ఘనపరిమాణంతో, అంటే అదే కొలత గొట్టంతో కొలవాలి. ట్రిపుల్ సెవెన్ మరింత బలమైనది, అందుకే కొలతను 15 శాతం తగ్గించమని తయారీదారే చెబుతాడు. నా సలహా అడిగితే, మొదటి సంవత్సరం అసలైన తుపాకి మందుతోనే నేర్చుకోండి. పొగ ఎక్కువ, మకిలి ఎక్కువ, కానీ అది ఎలా ప్రవర్తిస్తుందో ప్రతి దెబ్బకూ మీకు చెబుతుంది.

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకోగలిగితే అది ఈ వాక్యం కావాలి: ఆధునిక పొగలేని మందును మజిల్‌లోడర్‌లో ఎంత కొంచెమైనా, ఎవరు చెప్పినా, పోయకూడదు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియ్యే రూపొందించిన మందుతో మొదలైన ఆ జాతి నైట్రోసెల్యులోజ్ మీద ఆధారపడినది, దాని ఒత్తిడి వేరే స్థాయిది. కొలత గొట్టంలో రెండూ ఒకే ఎత్తున కనిపిస్తాయి. తుపాకి గొట్టం మాత్రం ఆ తేడాను చీలిపోయి చూపిస్తుంది, అది చీలేటప్పుడు మీ ఎడమ చేయి దాని కిందే ఉంటుంది. అందుకే సీలు తీసిన పాత డబ్బాను, పేరు చెరిగిన డబ్బాను, మరొకరు ఉచితంగా ఇచ్చిన డబ్బాను వాడకండి.

సామాగ్రి

రైఫిల్ కాక మీకు కావలసినవి ఇవి: 0.490 అంగుళాల మెత్తని సీసపు గుండ్లు, ఒక్కొక్కటి సుమారు 177 గ్రెయిన్లు తూగుతుంది, 0.015 అంగుళాల మందం గల నూలు గుడ్డ ముక్కలు, 11వ నంబరు పెర్కషన్ క్యాప్‌లు, లేదా మీ నిపుల్‌కు (క్యాప్ కూర్చునే బోలు మొనకు) సరిపోయే నంబరు, ఇత్తడి కొలత గొట్టం, మందు సీసా, గుండును మొదలు నెట్టే పొట్టి పిడి, దీనిని షార్ట్ స్టార్టర్ అంటారు, గుండును అడుగు దాకా దించే పొడవాటి కడ్డీ అయిన రామ్‌రాడ్, నిపుల్ విప్పే పానా, నిపుల్ రంధ్రంలో దూర్చే సన్నని తీగ, గుండును బయటకు లాగే స్క్రూ. రైఫిల్‌తో వచ్చిన చెక్క రామ్‌రాడ్ అందానికి బాగుంటుంది గాని, రేంజిలో పని చేయడానికి ఇత్తడి లేదా ఫైబర్ కడ్డీ వేరుగా కొనుక్కోండి, ఎందుకంటే చెక్క కడ్డీ ఏటవాలుగా విరిగితే దాని కొన అరచేతిలోకి దిగుతుంది.

గుడ్డ ముక్కకు రాసే జిడ్డు విషయం మనవారికి ఆసక్తి కలిగించాలి. గుండు గొట్టం కంటే కొద్దిగా చిన్నది. ఆ సందును నింపి, గొట్టం లోపలి మెలి గాడులను పట్టుకుని గుండును తిప్పేది ఈ గుడ్డే. దానికి జిడ్డు లేకపోతే కాలిపోతుంది, మకిలి గట్టిపడుతుంది. 1857లో ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కాగితపు తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాటే సిపాయిలలో నిప్పు రాజేసింది. ఆనాడు ఆ తూటాను పళ్ళతో చించి మందు పోయవలసి వచ్చేది. ఇవాళ మనకు ఆ ధర్మసంకటం లేదు. తేనె మైనం, ఆలివ్ నూనె కలిపి వేడి చేసి చల్లార్చిన లేపనం చక్కగా పనిచేస్తుంది, శాకాహారులు నిశ్చింతగా వాడవచ్చు. మోటారు నూనె, గ్రీజు వంటి పెట్రోలియం సరుకును మాత్రం రాయకండి. మందు మకిలితో కలిసి అది తారులా అంటుకుంటుంది.

బట్టలు నూలువి వేసుకోండి. నిప్పురవ్వ పడితే సింథటిక్ చొక్కా కరిగి చర్మానికి అతుక్కుంటుంది. కళ్ళకు రక్షణ అద్దాలు, చెవులకు మఫ్స్ లేకుండా గీత దగ్గరకు వెళ్ళకూడదు, ఎందుకంటే క్యాప్ పేలినప్పుడు చిన్న రాగి ముక్కలు పక్కకు చిమ్ముతాయి. ఇక పొగ తాగేవారు పక్కన ఉంటే మందు డబ్బా మూత తీయకండి.

దట్టించడం

రేంజికి వెళ్ళగానే అక్కడి అధికారికి ఇది మజిల్‌లోడర్ అని, మీరు కొత్తవారని చెప్పండి. వీలైతే అనుభవం ఉన్న ఒకరిని పక్కన ఉంచుకోండి. 1933లో ఏర్పడిన జాతీయ మజిల్ లోడింగ్ రైఫిల్ సంఘానికి ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరిలో సొంత రేంజి ఉంది. అక్కడ జాతీయ పోటీలు జరిగే రోజులలో వెళ్ళి ఊరికే చూస్తూ నిలబడినా చాలా తెలుస్తుంది. తెల్లగడ్డం పెద్దలు అడిగితే ఓపికగా చూపిస్తారు.

తుపాకి ఖాళీగా ఉందో లేదో తెలుసుకోవడం మొదటి పని. రామ్‌రాడ్‌ను గొట్టంలోకి జారవిడిచి, మూతి దగ్గర గుర్తు పెట్టి, బయటకు తీసి గొట్టం పక్కన పెట్టి చూడండి. కడ్డీ కొన నిపుల్ దాకా చేరితే ఖాళీ. అంగుళమో రెండంగుళాలో ముందే ఆగిపోతే లోపల ఎవరో దట్టించి వదిలేసిన మందు, గుండు ఉన్నాయి. సెకండ్ హ్యాండ్ తుపాకి కొన్నవారు ఇంట్లోనే, క్యాప్ లేకుండా, ఈ పరీక్ష చేయాలి. ఖాళీ గొట్టంలో కడ్డీ మీద గీసిన ఆ గుర్తును చెరగనివ్వకండి, దాని పని ముందు ముందు ఉంది.

తరువాత గొట్టంలోని నిల్వ నూనెను పొడి గుడ్డతో తుడవాలి. నూనె మిగిలితే నిపుల్ దారి మూసుకుపోయి మొదటి దెబ్బే పేలదు. తుడిచాక తుపాకిని లక్ష్యం వైపు చూపి, నిపుల్ మీద క్యాప్ పెట్టి, మూతిని నేల మీది గడ్డిపరక దగ్గరకు తెచ్చి పేల్చండి. గడ్డిపరక కదిలితే దారి తెరుచుకున్నట్టు. కదలకపోతే తీగతో శుభ్రం చేసి మళ్ళీ చూడండి. ఇలా రెండు క్యాప్‌లు ఖర్చు చేయడం వృథా కాదు.

ఇప్పుడు తుపాకి మడమను నేల మీద రెండు పాదాల మధ్య ఆనించి, మూతిని ముఖానికి దూరంగా వంచి పట్టుకోండి. నిపుల్ మీద క్యాప్ లేదని కళ్ళతో చూడండి. సీసా నుంచి మందును కొలత గొట్టంలో పోసి, సీసా మూత బిగించి పక్కన పెట్టి, ఆ తరువాతే కొలతలోని మందును తుపాకిలో పోయండి. సీసా నుంచి నేరుగా గొట్టంలోకి పోయడం ఈ క్రీడలో అన్నిటికంటే ప్రమాదకరమైన సోమరితనం. ముందరి దెబ్బ తాలూకు నిప్పురవ్వ ఒకటి అడుగున మిగిలి ఉంటే 50 గ్రెయిన్లు అంటుకోవడం వేరు, చేతిలోని సీసా మొత్తం అంటుకోవడం వేరు. కొలత విషయానికి వస్తే, 0.50 రైఫిల్‌లో రెండు ఎఫ్‌ల మందు 50 గ్రెయిన్ల దగ్గర మొదలుపెట్టండి. మీ రైఫిల్ తయారీదారు పుస్తకంలో ఇచ్చిన కనిష్ఠ, గరిష్ఠ కొలతలే చివరి మాట. కాగితపు లక్ష్యాన్ని 50 గజాలలో కొట్టడానికి ఎక్కువ మందు అక్కరలేదు. మందు పెంచితే పొగ, తన్ను పెరుగుతాయి. గుండ్లు దగ్గరదగ్గరగా పడటం తరచుగా తగ్గుతుంది.

మందు పోశాక గొట్టాన్ని అరచేతితో రెండుసార్లు తట్టండి. మూతి మీద జిడ్డు రాసిన గుడ్డ ముక్కను సమంగా పరిచి, మధ్యలో గుండును పెట్టండి. అచ్చులో పోసిన గుండుకు తోక కోసిన చదునైన మచ్చ ఉంటుంది, అది పైకి ఉండాలి. షార్ట్ స్టార్టర్ పిడితో గుండును మూతిలోకి, ఆ తరువాత కొన్ని అంగుళాలు లోపలికి నెట్టండి. అక్కడి నుంచి రామ్‌రాడ్. కడ్డీని పై చివర పట్టుకుని బలంగా నొక్కకండి. మూతి పైన ఎనిమిది పది అంగుళాల ఎత్తులో పట్టుకుని, కొద్దికొద్దిగా దించుతూ పోవాలి. గుండు మందు మీద కూర్చున్నది చేతికి తెలుస్తుంది, కడ్డీ ఆగిపోతుంది. కూర్చున్నాక కడ్డీతో బాదకండి. ప్రతిసారీ ఒకే ఒత్తిడితో నొక్కడమే గురికి మూలం.

ఇక్కడ ఒక క్షణం నిలవాలి. నిండిన తుపాకిలో కడ్డీ ఎంతవరకు దిగుతుందో మొదటి దెబ్బప్పుడే రెండవ గుర్తు గీసుకోండి. ఆ తరువాత ప్రతిసారీ గుర్తు మూతికి సరిగా రావాలి. గుర్తు పైన ఆగితే గుండు మందుకు చేరలేదు, మధ్యలో గాలి ఉంది. అలా కాలిస్తే గొట్టం ఆ చోట ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా. లేదా మీరు రెండుసార్లు మందు పోసి ఉంటారు. గుర్తు కిందికి పోతే మందే పోయలేదు. ఒక్క గీత ఇన్ని ప్రమాదాలను చెబుతుంది. నేను మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి పక్క బెంచీ మీద ఉన్నాయన గాలి దిక్కు గురించి అడిగితే బదులు చెబుతూ మందు పోయకుండానే గుండు దట్టించేశాను. కడ్డీ గుర్తు గొట్టంలోకి మునిగిపోవడం చూసే గాని నాకు తెలియలేదు. ఆ రోజు నుంచి మందు పోసే క్షణం నుంచి కడ్డీ తీసే వరకు ఎవరు పలకరించినా తల ఊపడం తప్ప మాట్లాడను, పక్కవారు దట్టిస్తున్నప్పుడు నేనూ పలకరించను.

కాల్చడం

క్యాప్ పెట్టడం చివరి పని. రామ్‌రాడ్ బయట ఉందని చూసుకుని, కాల్పుల గీత దగ్గరకు నడిచి, మూతిని లక్ష్యం వైపు చూపిన తరువాతే హ్యామర్‌ను సగం ఎత్తి నిపుల్ మీద క్యాప్ బిగించండి. పూర్తిగా ఎత్తడం గురి పెట్టాక. ఆధునిక రైఫిల్‌తో పోలిస్తే ఇందులో ట్రిగ్గర్ నొక్కడానికీ గుండు మూతి దాటడానికీ మధ్య వ్యవధి ఎక్కువ. పేలగానే తల ఎత్తి ఎక్కడ తగిలిందో చూడాలనే ఆత్రం సహజం, పైగా తెల్లని పొగ ఎదుట కమ్ముకుంటుంది. పొగ తొలగే వరకు చెంపను పిడి మీద నుంచి ఎత్తకుండా ఉండటం నేర్చుకుంటే లక్ష్యం మీద రంధ్రాలు వాటంతట అవే దగ్గరకు వస్తాయి.

కాల్చిన వెంటనే మళ్ళీ దట్టించకండి. ఒక గుడ్డను నీటితోనో ఉమ్మితోనో తేమ చేసి, ఒక్కసారి కిందికి, ఒక్కసారి పైకి గొట్టం తుడిచి, పొడి గుడ్డతో మరోసారి తుడవండి. దీనితో మిగిలిన రవ్వ ఆరిపోతుంది, మకిలి మెత్తబడుతుంది, తరువాతి గుండు సులువుగా దిగుతుంది. ఈ తుడుపును మానేసి వరసగా ఐదారు దెబ్బలు కాలిస్తే, ఏడవ గుండు సగం దారిలో ఇరుక్కోవచ్చు. మూతిలోకి నోటితో ఊదడం పాత అలవాటు; మీరు మాత్రం మూతి ముందుకు తల పెట్టే పని ఏదీ చేయకండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. తుపాకిని కదల్చకుండా, మూతి లక్ష్యం వైపే ఉంచి, కనీసం ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. లోపల రవ్వ రాజుకుంటూ ఉండి ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. నిమిషం గడిచాక కొత్త క్యాప్ పెట్టి ప్రయత్నించండి. క్యాప్ పేలి మందు పేలకపోతే, మళ్ళీ నిమిషం ఆగి, తీగతో నిపుల్ రంధ్రాన్ని శుభ్రం చేసి, మూడవ క్యాప్ పెట్టండి. అప్పటికీ కాకపోతే మందు తడిసి ఉంటుంది, లేదా లోపల మందే లేదు. మందు లేదని గుర్తు చెబుతుంటే నిపుల్ విప్పి, ఆ రంధ్రం నుంచి చిటికెడు మందును లోపలికి పంపి, నిపుల్ బిగించి, గుండు అడుగున బ్రీచికి, అంటే గొట్టం మూసి ఉన్న వెనుక కొనకు, ఆనుకుని ఉందని కడ్డీతో నిర్ధారించుకుని, లక్ష్యం వైపు కాల్చితే బయటకు వస్తుంది. బొగ్గుపులుసు గాలితో గుండును తోసే చిన్న పరికరం కూడా దొరుకుతుంది, కొత్తవారికి అది మేలు. గుండు లాగే స్క్రూను వాడవలసి వస్తే, లోపల మందు ఉందన్న అనుమానం ఉన్నంతవరకు ముందుగా నిపుల్ దారిన నీరు పోసి మందును నానబెట్టకుండా కడ్డీని ముట్టుకోకండి. సిగ్గుపడకుండా రేంజి అధికారిని పిలవండి.

కడగడం

తుపాకి మందు కాలినప్పుడు అందులో సగానికి పైగా వాయువు కాకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత పొగగా పోతుంది, కొంత గొట్టానికి అంటుకుంటుంది. ఆ లవణాలు గాలిలోని తేమను పీల్చుకుని ఉక్కును తినడం మొదలుపెడతాయి. హ్యూస్టన్ వంటి ఉక్క పోసే ఊళ్ళలో ఒక్క రాత్రి చాలు. రేపు కడుగుదాం అనే మాట ఈ అభిరుచిలో లేదు. కాల్చిన రోజే, భోజనానికి ముందే, కడగాలి.

ఆ లవణాలు నీటిలో కరిగేవి కావడం మన అదృష్టం. ఖరీదైన ద్రావకాలు అక్కరలేదు. తుపాకి ఖాళీ అని కడ్డీతో మరోసారి చూసుకుని, నిపుల్ విప్పి సబ్బు నీటిలో వేయండి. గొట్టం విడిపోయే రకమైతే దానిని పిడి నుంచి విడదీసి, బ్రీచి వైపు కొనను గోరువెచ్చని నీరు, నాలుగు చుక్కల పాత్రల సబ్బు ఉన్న బకెట్‌లో నిలబెట్టండి. కడ్డీకి గుడ్డ తగిలించి పైకీ కిందికీ ఆడిస్తే, నిపుల్ రంధ్రం గుండా నీరు చేతిపంపులా లోపలికీ బయటికీ పోతుంది. మొదటి నీరు సిరా నలుపుతో, కుళ్ళిన గుడ్డు వాసనతో వస్తుంది. అది గంధకపు సమ్మేళనాల వాసన. నీరు మార్చి, గుడ్డ తెల్లగా వచ్చే వరకు చేయండి. మరిగే నీరు పోయాలని చాలామంది చెబుతారు, త్వరగా ఆరుతుందని వారి వాదన. నా అనుభవంలో మరిగే నీటితో కడిగిన గొట్టంలో ఆరిన మరుక్షణమే సన్నని ఎర్ర తుప్పు పొర వస్తుంది; గోరువెచ్చని నీటితో అది రాలేదు.

తరువాత పొడి గుడ్డలు ఒకటి వెంట ఒకటి, తడి ఏమాత్రం రాని వరకు. హ్యామర్ అడుగు భాగం, నిపుల్ చుట్టూ ఉన్న మూలలు, ట్రిగ్గర్ గార్డు కింద పొగ పట్టిన చోట్లు మరిచిపోకండి. పూర్తిగా ఆరాక తుప్పును ఆపే నూనెను లోపల, బయట పలుచగా పట్టించండి. నిపుల్ మరలకు కొద్దిగా జిడ్డు రాసి బిగిస్తే మరోసారి విప్పడం కష్టం కాదు. సీసం తాకిన చేతులను సబ్బుతో కడుక్కున్న తరువాతే అన్నం ముట్టుకోవాలి, ఆ బట్టలను పిల్లల బట్టలతో కలిపి ఉతకకూడదు.

సంవత్సరం గడిచి చేయి కుదిరాక కొందరు ఇత్తడి తూటాల వైపు మళ్ళుతారు. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న 45-70 తూటా పేరులోనే దాని లెక్క ఉంది: 0.45 అంగుళాల గుండు, 70 గ్రెయిన్ల తుపాకి మందు. ఖాళీ ఇత్తడి గొట్టాలను మళ్ళీ నింపుకునేవారికి కూడా నియమం ఇదే, మందుకూ గుండుకూ మధ్య గాలి ఉండకూడదు, కాల్చిన ఖాళీలను రేంజిలోనే సబ్బు నీటి సీసాలో వేసి ఇంటికి తేవాలి. కానీ అవి మామూలు తూటాలు కనుక, పైన చెప్పిన పురాతన ఆయుధాల వెసులుబాటు చాలావరకు అక్కడితో ఆగిపోతుంది. మరొకవైపు, పెన్సిల్వేనియాలో 1974 నుంచి క్రిస్మస్ తరువాత చెకుముకి తుపాకికి మాత్రమే జింకల వేట కాలం ఒకటి ఉంది. క్యాప్ కూడా లేకుండా, రంజకం మీద రవ్వ పడి పేలే ఆ తుపాకి నేర్చుకోవాలనుకుంటే, ఈ వరస మీ చేతికి వచ్చిన తరువాత వెళ్ళండి.

మరునాటి ఉదయం తుపాకిని ఒకసారి బయటకు తీసి, తెల్లని పొడి గుడ్డను గొట్టం అడుగు దాకా పంపి వెనక్కి లాగండి. గుడ్డ మీద గోధుమ రంగు మచ్చ కనిపిస్తే మళ్ళీ తుడిచి మళ్ళీ నూనె పట్టించండి. ఆ తరువాత ఒక వారానికి మరొకసారి చూడండి. గుడ్డ తెల్లగానే తిరిగి వస్తే తుపాకిని, మందును, క్యాప్‌లను వేటి చోట వాటిని పెట్టి తాళం వేయవచ్చు.